పెళ్లికి ఎవరెవరు వచ్చారు? స్పౌజ్ వీసా ముందు కులాంతర జంటలు

బ్రిటన్‌లో స్థిరపడిన ఒక మాదిగ యువకుడు హైదరాబాద్‌లో ఉన్న భార్య కోసం స్పౌజ్ వీసా ఫైలు సిద్ధం చేసుకుంటూ మాకు ఫోన్ చేశాడు. అతని దగ్గరున్న పెళ్లి ఫొటోలు మూడే మూడు. ఒకదానిలో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మాయి సంతకం పెడుతోంది. రెండోదానిలో ఇద్దరూ దండలు వేసుకుని నిలబడ్డారు. మూడోదానిలో వాళ్ల పక్కన ముగ్గురు సాక్షులు, ముగ్గురూ అతని పాత క్లాస్‌మేట్లే. అమ్మాయిది ఆధిపత్య కులం. ఆమె వైపు నుంచి ఎవరూ రాలేదు, వచ్చే ప్రశ్నే లేదు. తన తల్లిదండ్రులను రావద్దని అతనే చెప్పాడు. ఊళ్లో వాళ్ల ఇంటి మీదికి ఎవరూ రాకూడదని.

"అన్నా, ఫ్యామిలీ ఫొటోలు పెట్టాలంట. నా దగ్గర లేనివి ఎక్కణ్నించి తేను?" అన్నాడు.

మేము వీసా సలహాదారులం కాము. బ్రిటన్‌లో డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే అర్హత ఉన్న లాయరై ఉండాలి, లేదా ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ దగ్గర నమోదై ఉండాలి. మేము పరిశోధక విద్యార్థులం. తోటివాళ్లు కాగితాలు సర్దుకుంటుంటే పక్కన కూర్చోవడం, ఏ కాగితం ఎందుకు అడుగుతున్నారో చదివి చెప్పడం మేము చేస్తున్న పని. అలా కూర్చోగా మాకు అర్థమైందేమిటంటే, భార్యనో భర్తనో వేరే దేశానికి తెచ్చుకునే ఈ నిబంధనలలో కులం అనే మాట ఎక్కడా లేదు. కానీ అవి అడిగే రుజువుల్లో చాలావరకు కులం ఇచ్చే ఆస్తులే. ఇంటివాళ్ల ఆశీస్సులు, పెద్ద పెళ్లి, అమ్ముకోవడానికి భూమి. ఇవి ఉన్నవాళ్ల ప్రేమ తేలిగ్గా 'నిజమైనది' అయిపోతుంది.

ముందు నిబంధన ఏమిటో చూద్దాం. బ్రిటిష్ పౌరులు గాని, అక్కడ శాశ్వత నివాస హక్కు పొందినవాళ్లు గాని విదేశీ జీవిత భాగస్వామిని పిలిపించుకోవచ్చు. ఈ నిబంధనల అధ్యాయం పేరు అపెండిక్స్ ఎఫ్ఎం, 2012 జులై 9 నుంచి అమల్లో ఉంది. బయటి దేశం నుంచి వచ్చే భాగస్వామికి మొదట 33 నెలల వీసా ఇస్తారు. ఆ తర్వాత 30 నెలల పొడిగింపు. మొత్తం ఐదేళ్లు పూర్తయ్యాక శాశ్వత నివాసానికి దరఖాస్తు. ఇంగ్లీషు పరీక్ష, మన దేశం నుంచి వెళ్లేవాళ్లకు క్షయ పరీక్ష సర్టిఫికెట్, ఉండటానికి సరిపడా ఇల్లు, ఇవన్నీ మామూలు షరతులు. జంటలు తట్టుకోలేక పడిపోయేది రెండు చోట్ల: బంధం నిజమైనదేనా అనే పరీక్ష దగ్గర, ఆదాయం దగ్గర.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లు భార్యాభర్తలను 'డిపెండెంట్'గా తెచ్చుకునే దారి వేరు. మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్లేది ఆ దారిన. అయితే 2024 జనవరి నుంచి మాస్టర్స్ చదివే విద్యార్థుల్లో దాదాపు ఎవరికీ ఆ వీలు లేదు, పరిశోధక కోర్సులవాళ్లకే మిగిలింది. అదే ఏడాది మార్చి 11 తర్వాత కేర్ వర్కర్లుగా వెళ్లినవాళ్లకూ లేదు. వృద్ధుల ఒళ్లు తుడిచి, తిండి తినిపించి, రాత్రి డ్యూటీలు చేసే మనిషి కావాలి గాని, ఆ మనిషి కుటుంబం అక్కర్లేదన్నమాట.

ఇక బంధం నిజమైనదేనా అన్న పరీక్ష. ఇంటర్వ్యూకు పిలవడం తక్కువ, చాలావరకు కాగితాల మీదే తేల్చేస్తారు. అధికారులు ఏమేం చూడాలో చెప్పే మార్గదర్శకాలను హోం ఆఫీస్ రాసిపెట్టింది. 2012 నాటి మార్గదర్శకాలలో, బంధాన్ని అనుమానించడానికి కారణమయ్యే అంశాల కింద ఒక మాట ఉంది: పెళ్లికి గాని విందుకు గాని అతిథులు పెద్దగా లేకపోవడం, ముఖ్యమైన కుటుంబ సభ్యులు హాజరు కాకపోవడం. ఇదొక్కటే చూసి తిరస్కరించాలని అందులో లేదు, అన్నీ కలిపి చూడాలనే ఉంది. కానీ రోజుకు ఇన్ని ఫైళ్లు తేల్చాలని కూర్చున్న మనిషికి ఖాళీ కల్యాణమండపం ఎలా కనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

1948 ఏప్రిల్ 15న ఢిల్లీలోని తన నివాసంలో బాబాసాహెబ్ అంబేడ్కర్ డాక్టర్ శారదా కబీర్‌ను రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. ఆమె సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. హాజరైంది కొద్దిమంది. ఈ కొలత పెడితే ఆ పెళ్లి కూడా అనుమానాల కింద ఒక టిక్కు వేయించుకునేదే. కులాంతర వివాహమే కుల నిర్మూలనకు అసలు మందు అని 1936లోనే రాసిన మనిషి పెళ్లి అది.

మన రెండు రాష్ట్రాల్లో కులాంతర జంట పెళ్లి ఎందుకు చిన్నదౌతుందో ఇక్కడి చదువరులకు మేము చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యను ఆస్పత్రికి తీసుకెళ్లి బయటికి వస్తున్న ప్రణయ్‌ను నరికి చంపారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ ఏడేళ్లలో ఇక్కడ పెళ్లి చేసుకున్న ప్రతి దళిత అబ్బాయి, అతన్ని చేసుకున్న ప్రతి అమ్మాయి ఆ వీడియో చూసే ఉంటారు. వాళ్లు ఫేస్‌బుక్‌లో పెళ్లి ఫొటో పెట్టరు. స్టేటస్ మార్చరు. ఫోన్‌లో అవతలి మనిషి పేరు స్నేహితురాలి పేరుతో సేవ్ చేసుకుంటారు. చాట్ ఏ రోజుకారోజు డిలీట్ చేస్తారు. డబ్బు పంపాల్సొస్తే మధ్యలో ఇంకొకరి ఖాతా వాడతారు. ఇలా రెండేళ్లు, మూడేళ్లు. బతికి ఉండటం కోసం చెరిపేసుకున్న ఈ ఆనవాళ్లే రేపు వీసా అధికారి 'కమ్యూనికేషన్ ఎవిడెన్స్' అని అడిగేది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. మన పెళ్లిళ్ల ఆచారాల మీద బ్రిటిష్ వలస అధికారి పండితుడైపోవడం కొత్త కాదు. 1979 మొదట్లో, తనకు నిశ్చయమైన పెళ్లికొడుకు కోసం హీత్రూ విమానాశ్రయంలో దిగిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి 'కన్యత్వ పరీక్ష' చేశారు. పెళ్లి చేసుకోబోయే స్త్రీకి అప్పట్లో ముందస్తు వీసా అక్కర్లేదు, ఆమె ఇప్పటికే పెళ్లయినది కావచ్చని అనుమానం. మన దేశపు స్త్రీ పెళ్లికి ముందు కన్యగానే ఉంటుందన్న 'సాంస్కృతిక జ్ఞానం' దానికి ఆధారం. పత్రికల్లో బయటపడ్డాక ఆపేశారు. అలాంటివి మరికొన్ని డజన్లు జరిగాయని తర్వాత పరిశోధకులు ప్రభుత్వ పత్రాల్లోంచే తవ్వి తీశారు.

అదే కాలంలో 'ప్రైమరీ పర్పస్' నిబంధన వచ్చింది. పెళ్లి ముఖ్య ఉద్దేశం బ్రిటన్‌లోకి రావడం కాదని దరఖాస్తుదారే రుజువు చేసుకోవాలి. బ్రిటన్‌లో పెరిగిన మన అమ్మాయిలు ఇక్కడి అబ్బాయిలను చేసుకుంటే అధికారులు ఎత్తిన వాదన ఒకటుంది: మీ ఆచారం ప్రకారం పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లాలి కదా, అబ్బాయే ఆమె దగ్గరికి వస్తున్నాడంటే వచ్చేది దేశం కోసమే. ఇల్లరికం అనేది ఒకటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు కాబోలు. ఆనాడు పెద్దలు కుదిర్చిన పెళ్లి కావడమే అనుమానానికి దారి. ఈనాడు పెద్దలు రాని పెళ్లి కావడం అనుమానానికి దారి. 1997లో కొత్త లేబర్ ప్రభుత్వం ఆ నిబంధనను ఎత్తేసింది గాని, ఆచారం అంటే ఏమిటో అధికారే నిర్ణయించే అలవాటు పోలేదు. ఆ అధికారికి తెలిసిన ఆచారం ఎవరిది? ఆల్బమ్‌లు, మండపాలు, రెండు వైపుల పెద్దలు కలిసి అచ్చు వేయించిన శుభలేఖలు ఉన్నవాళ్లది. కులాన్ని ధిక్కరించిన పెళ్లికి ఆచారం ఉండదు. దండల పెళ్లికి శుభలేఖ ఉంటే గొప్ప.

దళిత క్రైస్తవుల కథ దీనికి ఇంకో మలుపు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, స్కూల్ రికార్డులో పేరు ఇంకొకటి. కుల ధ్రువపత్రంలో హిందూ అని ఉంటుంది, ఎందుకంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను ఎస్సీ జాబితాలోకి రానివ్వదు. పెళ్లి చర్చిలో అవుతుంది. క్రైస్తవ మతంలోకి మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పాక భయం ఇంకా పెరిగింది. అందుకని పాస్టర్ గారిచ్చే పెళ్లి సర్టిఫికెట్ జోలికి పోకుండా, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకునేవాళ్లున్నారు. వీసా ఫైలులో ఫొటోల నిండా బైబిలు, శిలువ. సర్టిఫికెట్‌లో హిందూ పెళ్లి. ఇది మోసం కాదు, రాజ్యం మనల్ని నిలబెట్టిన చోటు అది. కానీ షెఫీల్డ్‌లోనో ఇంకెక్కడో కూర్చున్న అధికారికి ఇది పొంతన లేని సాక్ష్యంలాగే కనిపిస్తుంది. ఇలాంటప్పుడు మౌనంగా ఉండిపోవడం కంటే లాయర్ సలహా తీసుకుని ముందే వివరణ జత చేయడం మేలు. ఆ వివరణ రేపు ఇక్కడ రిజర్వేషన్ హక్కు మీదికి రాకుండా ఏ మాట ఎలా రాయాలో మాత్రం ఇక్కడి చట్టం, అక్కడి చట్టం రెండూ తెలిసినవాళ్లను అడగాలి.

ఇక ఆదాయం. 2012లో ఏడాదికి 18,600 పౌండ్లతో మొదలుపెట్టారు. 2024 ఏప్రిల్ 11 నుంచి అది 29,000 పౌండ్లు, మన డబ్బుల్లో 30 లక్షల పైమాటే. 38,700కు పెంచుతామన్నారు గాని, ప్రభుత్వం మారాక ఆ పెంపు ఆపారు. లెక్క చూడండి. 2025 ఏప్రిల్‌లో అక్కడి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఆ రేటున వారానికి ముప్పై ఏడున్నర గంటల చొప్పున 52 వారాలు ఒక్క రోజు మానకుండా పనిచేసినా వచ్చేది 23,810 పౌండ్లు. అంటే చట్టం నిర్ణయించిన వేతనానికి పూర్తికాలం పనిచేసే మనిషి, చట్టం ప్రకారమే, భార్యను తెచ్చుకోలేడు. భర్తను తెచ్చుకోలేదు. తక్కువ జీతాలు, పార్ట్‌టైమ్ పనులు ఎక్కువగా స్త్రీలవే కాబట్టి ఆ రెండో మాట మరీ నిజం. హైదరాబాద్‌లో ఉన్న భాగస్వామి ఎంత సంపాదిస్తున్నా ఆ జీతం లెక్కలోకి రాదు. వికలాంగ భృతి వంటివి కొన్ని అందుకునేవాళ్లకు ఈ పరిమితి వర్తించదు, వాళ్లకు వేరే కొలత ఉంది.

2017 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఎంఎం (లెబనాన్) కేసులో ఈ ఆదాయ పరిమితి సూత్రరీత్యా చట్టబద్ధమేనంది. పిల్లల మేలును సరిగా పట్టించుకోలేదని మాత్రం తప్పుపట్టింది. అంతకు రెండేళ్ల ముందు ఇంగ్లండ్ బాలల కమిషనర్ కోసం చేసిన అధ్యయనం కనీసం 15,000 మంది పిల్లలు ఈ నిబంధన దెబ్బ తిన్నారని అంచనా వేసింది. వాళ్లకు 'స్కైప్ పిల్లలు' అని పేరు పడింది. తల్లో తండ్రో తెర మీద మాత్రమే కనిపించే పిల్లలు.

జీతం చాలనివాళ్లకు ఇంకో తలుపు ఉంది: పొదుపు. జీతం ఏమీ చూపించకుండా పొదుపుతోనే గట్టెక్కాలంటే 88,500 పౌండ్లు ఉండాలి. ఆరు నెలలు ఖాతాలో కదలకుండా ఉండాలి. కుటుంబం బహుమతిగా ఇచ్చినా చెల్లుతుంది. సొంత ఆస్తి అమ్మిన డబ్బయినా చెల్లుతుంది. అప్పు చెల్లదు. ఈ ఒక్క వాక్యం మన ఊళ్లకు తెచ్చి చదవండి. కృష్ణా డెల్టాలోనో, హైదరాబాద్ చుట్టుపక్కలో ఎకరం పొలం ఉన్న కుటుంబం అది అమ్మి కొడుకు పేరున బహుమతి రాసిస్తే ఆరు నెలల్లో వీసా అర్హత వస్తుంది. తరతరాలుగా ఆ పొలంలో కూలికి వెళ్లిన కుటుంబం ఆ మొత్తం కూడబెట్టాలంటే అప్పు చేయాలి. భూమి ఉన్నవాడి డబ్బు 'సేవింగ్స్', లేనివాడి డబ్బు 'లోన్'. కాగితంలో కులం కనిపించదు, నిజమే.

దీనికి తోడు ఫీజు. బయటి నుంచి దరఖాస్తుకు 2025 ఏప్రిల్‌లో అది 1,938 పౌండ్లు అయింది. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 1,035, మొదటి వీసాకు మొత్తం 3,105. ఇది ఒక్క విడత. తిరస్కరిస్తే సర్‌చార్జి తిరిగొస్తుంది, ఫీజు రాదు.

అందుకే కన్సల్టెన్సీల దగ్గరికి పరిగెత్తుతారు. మేము పైన చెప్పిన యువకుడికి ఒక కన్సల్టెన్సీ ఇచ్చిన సలహా ఇది: ఫంక్షన్ హాల్ బుక్ చేసి మళ్లీ పెళ్లి చేసుకోండి, అమ్మానాన్నలుగా కూర్చోవడానికి మనుషుల్ని మేమే చూస్తాం, ఆల్బమ్‌తో సహా ప్యాకేజీ. నిజమైన పెళ్లిని నమ్మించడానికి దొంగ పెళ్లి! అతను దాదాపు ఒప్పుకున్నాడు కూడా. అబద్ధపు పత్రం ఒక్కటి దొరికితే దరఖాస్తు పోవడమే కాదు, ఆ మచ్చ తర్వాత వేసే ప్రతి దరఖాస్తునూ వెంటాడుతుంది.

చేయాల్సింది దానికి పూర్తిగా తలకిందుల పని. పెళ్లి ఎందుకు చిన్నగా జరిగిందో దాచకుండా చెప్పాలి, చెప్పినదానికి కాగితం చూపాలి. ఆ కాగితాలు మన దగ్గర ఉంటాయి, వాటిని 'సాక్ష్యం'గా మనం చూడం అంతే. ప్రత్యేక వివాహ చట్టం కింద ఇచ్చిన నోటీసు, ఆ 30 రోజుల గడువు తేదీలు, ముగ్గురు సాక్షుల సంతకాలు. పోలీసు రక్షణ కోరుతూ పెట్టుకున్న అర్జీ. 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటల కోసం జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు, సురక్షిత గృహాలు ఉండాలంది, ఆ తీర్పును ప్రస్తావించవచ్చు. కులాంతర వివాహ ప్రోత్సాహకం మంజూరై ఉంటే ఆ ఉత్తర్వు కంటే గట్టి ప్రభుత్వ పత్రం ఇంకోటి ఉండదు. చాట్లు చెరిపేస్తే ఎందుకు చెరిపారో ఇద్దరూ విడివిడిగా రాయాలి. ఎవరి ఖాతా మీదుగా డబ్బు వెళ్లిందో ఆ స్నేహితురాలు అఫిడవిట్ ఇవ్వాలి. విమాన టికెట్లు, లాడ్జి రసీదులు, హాస్టల్ రసీదులు, ఏదీ పారేయొద్దు.

ఇక్కడ పెళ్లి చేసుకోవడమే ప్రమాదమైతే ఫియాన్సే వీసా ఉంది. ఆరు నెలల్లో అక్కడికి వెళ్లి పెళ్లి చేసుకుని, అక్కడి నుంచే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఆరు నెలలూ పని చేయకూడదు, ఫీజు రెండుసార్లు. ఖర్చు ఎక్కువే గాని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బోర్డు మీద పేరు ఎక్కదు. తిరస్కరణ వస్తే అంతటితో అయిపోలేదు. ఇక్కడి నుంచి 28 రోజుల్లో ట్రైబ్యునల్‌కు అప్పీలు చేయవచ్చు. అక్కడ వినేది జడ్జి, కాబట్టి ప్రాణభయం గురించి నోటితో చెప్పుకునే అవకాశం మొదటిసారి దొరుకుతుంది.

వెళ్లాక ఏమిటన్నది ఇంకో పెద్ద వ్యాసం. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఐదేళ్లు వచ్చిన మనిషి వీసా తెచ్చిన మనిషి చేతిలో ఉంటుంది, ప్రభుత్వ సాయం ఏదీ అందదు. అత్తింట్లో కులం పేరుతో తిట్టినా, కొట్టినా బయటికి వస్తే దేశం వదలాలేమోనన్న భయం. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ వంటి సంస్థలు ఏళ్ల తరబడి పోరాడి దీనికి ఒక మినహాయింపు సాధించాయి. గృహహింస వల్ల బంధం తెగితే మూడు నెలలు ప్రభుత్వ సాయంతో ఉండే వీలుంది, శాశ్వత నివాసానికి సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడి నుంచి బయల్దేరే ప్రతి అమ్మాయికీ ఈ సంగతి విమానం ఎక్కకముందే తెలియాలి. కుల వివక్షను సమానత్వ చట్టంలో స్పష్టంగా చేర్చాలని 2013లో బ్రిటిష్ పార్లమెంటు ఆదేశించినా, 2018లో అక్కడి ప్రభుత్వం అది అక్కర్లేదని చేతులు దులుపుకుంది.

మళ్లీ మూడు ఫొటోల దగ్గరికి. అతని ఫైలు రెండు వారాలు తిరగేశాక అడుగున ఒక జిరాక్స్ కనబడింది. అమ్మాయి కనబడటం లేదని ఆమె తండ్రి పోలీస్ స్టేషన్‌లో పెట్టిన మిస్సింగ్ కేసు, దాని వెనుక ఆమె ఇచ్చిన వాంగ్మూలం: నేను మేజర్‌ని, నా ఇష్టంతోనే పెళ్లి చేసుకున్నాను, నా భర్త దగ్గరికే వెళ్తాను. తారీఖు, స్టేషన్ ముద్ర, సంతకం. అవమానంగా ఉంటుందని అతను దాన్ని పక్కన పెట్టేశాడు. లాయరు అనువాదం చేయించి, దరఖాస్తుకు జత చేసిన పత్రాల్లో దానికే మొదటి అంకె ఇచ్చింది. వీసా వచ్చింది. అమ్మాయి బయల్దేరిన రాత్రి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అతని తల్లిదండ్రులు మొదటిసారి కోడల్ని చూశారు. ట్రాలీ పక్కన నిలబడి నాలుగు ఫొటోలు దిగారు. వాటిని జాగ్రత్తగా దాచమని అతనికి చెప్పాం. 33 నెలలకు పొడిగింపు దరఖాస్తులో పెట్టుకోవాలి.